కుట్టు విప్పని చొక్కా

"ఇంకో రొట్టె వెయ్యనా కన్నా?" అని అడిగింది అమ్మ.

బల్ల దగ్గర కూర్చున్న అన్నయ్య తల ఊపాడు. పొద్దున్నుంచి అతను తల ఊపుతూనే ఉన్నాడు, ఆవిడ వేస్తూనే ఉంది. పిండి డబ్బా అడుగంటింది.

"ఎంత పెట్టినా అది నిండదు. ఆ సంగతి నీకూ తెలుసు," అని ముందుగదిలోంచి అరిచాడు నాన్న.

"అది అనకండి. వాడు అనండి."

"వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చాం మనం."

"తిరిగొచ్చాడుగా!"

నాన్న మిషన్ వైపు తిరిగిపోయాడు. కుట్టు మిషన్ టకటకలాడటం మొదలైంది. కోపం వచ్చినా, దుఃఖం వచ్చినా ఆయన మిషన్ తొక్కుతాడు. ఇవాళ సూది కింద గుడ్డ కూడా లేదు, ఉత్త మిషన్నే తొక్కుతున్నాడు.

ఆ రెండు గదుల మధ్య గుమ్మంలో, ఎటూ పోలేక నిలబడిపోయిన పదహారేళ్ళ పిల్లని ఇంట్లో బొత్తాం అంటారు. పుట్టినప్పుడు అంత గుండ్రంగా ఉండేదట. ఇప్పుడు పుల్లలా సాగినా పేరు మాత్రం ఊడి రాలేదు. ఆ పేరు పెట్టింది అన్నయ్యే, అప్పుడు వాడికి మూడేళ్ళు.

చనిపోయిన కొడుకు తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చుంటే ఏ తల్లయినా రొట్టే పెడుతుంది. అందులో ఆవిడ తప్పేమీ లేదు. తప్పల్లా వాడి ఒంటి మీదున్న నీలం గళ్ళ చొక్కాలోనే ఉందని వీధంతా అనుకుంటోంది. బొత్తాం కూడా అలాగే అనుకుంటోంది.

ఈ ఊళ్ళో మనిషి పోతే ముందు కబురు వెళ్ళేది దర్జీకి. దర్జీ వచ్చి పోయినవాళ్ళ బట్టలన్నీ ముందు పోసుకుని కూర్చుంటాడు. కాలరు దగ్గర మొదలుపెట్టి చంక, జేబు, పక్క కుట్టు, కింద అంచు, ఒక్క పోగు మిగలకుండా విప్పుతాడు. చొక్కా మళ్ళీ గుడ్డ ముక్కలయ్యేదాకా ఇంట్లో ఎవరూ గొంతెత్తి ఏడవరు. పోయినవాళ్ళని కుట్టులేని దుప్పటిలో చుట్టి పంపుతారు.

ఇదంతా ఖాళీవాళ్ళ భయానికి. నది ఒడ్డున పాడుబడ్డ మిల్లులో ఉంటారు వాళ్ళు. వాళ్ళకి ఒళ్ళు లేదు, మొహం లేదు, ఉన్నదల్లా తొడుక్కోవాలన్న ఆకలి. పోయినవాళ్ళది ఏదైనా కుట్టుతో దొరికితే అందులో దూరి, ఆ మనిషే అయి ఇంటికి వస్తారు. తొడుక్కున్నది పాతబడేదాకా బాగానే ఉంటారు. అది చిరగడం మొదలయ్యాక అదే ఇంట్లో బతికున్నవాళ్ళ బట్ట ఒకటి తొడుక్కుంటారు. ఆ బట్ట ఎవరిదైతే వాళ్ళు తెల్లారేసరికి ఉండరు. రొట్టెల కొట్టువాళ్ళ ముసలావిడ పోయినప్పుడు ఆవిడ కాలి మేజోడు ఒకటి విప్పకుండా మంచం కింద మిగిలిపోయింది. తర్వాత మనవరాలి గౌను వంతు వచ్చింది. ఆ ఇంట్లో ఇప్పుడు దీపం పెట్టేవాళ్ళు కూడా లేరు.

ఊరందరి బట్టలూ విప్పే దర్జీ ఇంట్లోనే, దర్జీ పెళ్ళామే, కొడుకు చొక్కా ఒకటి దిండు కింద దాచుకుంది. నిన్న ఆ చొక్కాలోనే వాడు తిరిగొచ్చినప్పటి నుంచి ఆ ఇల్లు ఇల్లులా లేదు.

అన్నయ్య రొట్టె తుంచుకోబోతే కుడి భుజం దగ్గర పర్రుమని చిన్న చప్పుడైంది. అమ్మ పెనం దించేసి సూదీదారం అందుకుంది. చొక్కా వాడి ఒంటి మీద ఉండగానే, చంటిపిల్లాడికి పాలు తాగించేంత మెల్లగా, కుట్టడం మొదలుపెట్టింది. ఆ భుజం కుట్టడం ఇవాళ ఎన్నోసారో ఆవిడే మరిచిపోయింది.

పెరటి కిటికీ మీద ఎవరో వేలితో కొట్టారు.

అవతల, పొడుగు అని అందరూ పిలిచేవాడు నిలబడి ఉన్నాడు. వడ్రంగి మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు, అన్నయ్య ప్రాణస్నేహితుడు. ఖాళీవాళ్ళని చూసి రావాలని పంతం పట్టి ఇద్దరూ కలిసి మిల్లుకి వెళ్ళారు. తిరిగి పరిగెత్తుకొచ్చింది ఇతనొక్కడే. ఆ రోజు నుంచి ఎవరి కళ్ళలోకీ సూటిగా చూడటం మానేశాడు.

"మేస్త్రి చెక్కలు బండి మీద వేయించాడు," అన్నాడు నేల చూస్తూ.

"ఎప్పటికి?"

"వీధి దీపాలు వెలిగించేలోగా మీరు విప్పేస్తే సరే. లేకపోతే తలుపులూ కిటికీలూ మూసి మేకులు కొట్టేస్తారు. లోపల ఎవరున్నా సరే, వారం దాకా తెరవరు. రొట్టెల కొట్టుకి కొట్టింది కూడా మేమేగా."

"నువ్వు కూడా కొడతావా?"

అతను చొక్కా జేబులోంచి గుప్పెడు మేకులు తీసి చూపించాడు, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"వాళ్ళే వచ్చి విప్పెయ్యొచ్చుగా? అంత ధైర్యం ఉంటే!"

"పైవాళ్ళు చెయ్యి వేస్తే ఖాళీవాళ్ళు ఊరుకోరు బొత్తాం, నీకు తెలుసుగా. ఇంటివాళ్ళ చేతికే ఒదుగుతారు." అతను మేకుల జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "వాడు... నన్ను ఏమైనా అడిగాడా?"

"ఏమీ అడగలేదు."

నిజానికి అడిగాడు. వచ్చీ రాగానే, పొడుగు క్షేమంగా ఇల్లు చేరాడా అని అడిగాడు. ఆ మాట ఇప్పుడు చెబితే ఇతను ఇక్కడే కూలబడతాడని బొత్తాం మింగేసింది.

ముందుగదిలోకి వెళ్ళేసరికి అమ్మ అక్కడే ఉంది. చెక్కల సంగతి నాన్నకి అప్పటికే తెలిసినట్టుంది. మిషన్ ఆగిపోయింది.

"ఊళ్ళో పసిపిల్లల బట్టలు కూడా విప్పాను నేను," అంటున్నాడు నాన్న. "వాళ్ళ అమ్మలు కాళ్ళు పట్టుకున్నా విప్పాను. అలాంటిది నా ఇంట్లో నువ్వే..."

"వాడి వాసన ఉందండీ అందులో."

"వాసన కోసం ఉన్న ఒక్క పిల్లనీ పణం పెట్టావా?"

"పెట్టలేదు! ఒక్క చొక్కా, అంతే. అన్నీ మీరే ముక్కలు చేసేస్తే నాకంటూ ఏం మిగిలిందని?" అమ్మ గొంతు లేచింది. "ఆ రోజు నన్ను గదిలోకి కూడా రానివ్వలేదు మీరు. ఒళ్ళు తుడుస్తానంటే తలుపేసుకున్నారు. దుప్పటి చుట్టాక మొహం చూపించారు. ఎవరైనా అలా చేస్తారా? కన్నదాన్ని కాదా నేను?"

నాన్న ఏదో అనబోయి ఆగిపోయాడు. బల్ల మీదున్న సుద్దముక్క తీసి వేళ్ళ మధ్య నలిపాడు. అది పొడైపోయింది.

అంత గొడవలో ఆయన నోరు అలా మూతపడటం బొత్తాంకి కొత్తగా అనిపించింది. మామూలుగా మాటకి మాట అప్పగించే మనిషి. దుఃఖమేలే అనుకుంది.

వంటింట్లో రొట్టె నమిలే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఆకలితో తింటున్నట్టు కూడా లేదు ఆ చప్పుడు, ఎవరో చెప్పిన పని చేస్తున్నట్టుంది.

చివరికి నాన్న సొరుగు లాగి, కుట్లు విప్పే చిన్న కత్తి తీశాడు. కూతురి ముందు బల్ల మీద పెట్టాడు.

"నావల్ల కాదు తల్లీ. చెయ్యి ఆడటం లేదు."

"పసిపిల్లతో ఆ పని చేయిస్తారా?" అంది అమ్మ.

"అయితే నువ్వు చెయ్యి."

అమ్మ గోడవైపు తిరిగిపోయింది.

ఇలాంటి పెద్దవాళ్ళతో చిక్కే ఇది. కొండంత గొడవ పడతారు, పని దగ్గరకొచ్చేసరికి పిల్లల మొహం చూస్తారు. బొత్తాంకి ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. ఆ మంటలోనే కత్తి తీసుకుంది. చల్లారాక అయితే తీసుకోలేకపోయేది.

ఆమె వంటింట్లోకి రాగానే అన్నయ్య తల ఎత్తాడు. కళ్ళు అవే, ఎడమ కనుబొమ్మ మీద సైకిల్ మీంచి పడ్డ మచ్చ కూడా అదే. రెప్ప వాల్చడం మాత్రం మరిచిపోతున్నాడు. గుర్తొచ్చినప్పుడు ఒక్కసారిగా రెండు మూడు సార్లు వాలుస్తున్నాడు.

"కత్తి తెచ్చావా?"

బొత్తాం దాన్ని వెనక దాచబోయింది. దాచి లాభం లేదని ముందుకే పెట్టుకుంది.

"చిన్నప్పుడు నా పంట్లాం రెండు కాళ్ళూ కలిపి కుట్టేశావు, గుర్తుందా? నాన్న నేర్పిన మొదటి రోజే. చూసుకోకుండా తొడుక్కుని గుమ్మంలో బోర్లా పడ్డాను."

"నువ్వు ఏడవలేదు. నేనే ఏడ్చాను," అంది బొత్తాం. నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపు కూడా వచ్చింది. "అన్నయ్యా, నిజం చెప్పు. నువ్వు నువ్వేనా?"

అతను తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"తెలీదు. వాడికి తెలిసినవన్నీ నాకు తెలుసు. వాడి మాటలన్నీ నా నోట్లోకి వచ్చేస్తున్నాయి. నువ్వు ఏడిస్తే ఇక్కడెక్కడో నొప్పి పుడుతోంది. అది వాడిదో నాదో తెలీదు." రొట్టె పక్కకి నెట్టాడు. "ఇంకోటి కూడా ఉంది. చెప్పనా?"

"చెప్పు."

"నిన్నటి నుంచి నీ భుజాలే చూస్తున్నాను. కొలత సరిపోతుందా అని. చూడొద్దనుకున్నా కళ్ళు అటే పోతున్నాయి. అందుకని తొందరగా కానివ్వు బొత్తాం."

ఆ మాటతో ఆమెకి పారిపోదామనిపించింది. కానీ ఆ మాట చెప్పేటప్పుడు అతను రెండు చేతులూ బల్ల కిందకి దూర్చి, మోకాళ్ళ మధ్య గట్టిగా ఇరికించుకున్నాడు. ఆమె మీదకి వస్తాయేమోనని వాటికి అతనే భయపడుతున్నాడు. అది చూశాక పారిపోలేకపోయింది.

వెనక్కి వెళ్ళి నిలబడి కాలరు దగ్గర మొదలుపెట్టింది. కత్తి మొన కుట్టు కిందకి పోనిచ్చి, పైకి లేపి, తెంపి, పోగు లాగింది. పదేళ్ళప్పటి నుంచి చేస్తున్న పని. ఎవరెవరి బట్టలో విప్పింది, ఎప్పుడూ చెయ్యి తడబడలేదు. ఇవాళ గుడ్డ కింద చల్లటి మెడ తగులుతుంటే ఒక్కో కుట్టుకీ ఆగాల్సి వచ్చింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు. చక్కిలిగింతలుగా ఉంది."

చొక్కా చేతులు ఊడివచ్చాయి. జేబు వచ్చేసింది. అమ్మ ఇవాళంతా కుట్టిన భుజం మాత్రం తెగలేదు, దారం మీద దారం పడి గట్టిపడింది. బొత్తాం దాన్ని నాలుగు వైపుల నుంచి కోయాల్సి వచ్చింది. అమ్మా నాన్నా ఎప్పుడొచ్చారో గుమ్మంలో నిలబడ్డారు. ఒకరి నుంచి ఒకరు దూరంగా, ద్వారబంధం చెరో వైపు పట్టుకుని ఉన్నారు.

కిటికీలో వెలుగు పలచబడుతోంది. ఇక పక్క కుట్లే మిగిలాయి.

కుడి పక్క విప్పింది. ఎడమ పక్క సగం విప్పి ఆగింది.

"అన్నయ్యా..."

"ఊఁ. వెళ్ళొస్తాను," అని కళ్ళు మూసుకున్నాడు.

చివరి పోగు లాగేసింది. నీలం గళ్ళ గుడ్డ ముక్కలుగా జారి కుర్చీ చుట్టూ నేల మీద పడింది. అలా విప్పేస్తే ఖాళీవాడు పొగలా పోతాడని అందరికీ తెలుసు. బొత్తాం కత్తి గుండెకి ఆనించుకుని, ఆ పొగ కోసం ఎదురుచూసింది.

పొగ రాలేదు.

అన్నయ్య అక్కడే ఉన్నాడు. చొక్కా లేకుండా, రెండు చేతులూ ఒంటికి చుట్టుకుని, కుర్చీలో చలికి వణుకుతూ ఉన్నాడు.

"కన్నా!" అంది అమ్మ. ఆ ఒక్క మాటలో ఎంత ఆనందం ఉందంటే, వినడానికే భయమేసింది. "చూశారా? చూశారా ఏమండీ? చొక్కా పోయినా ఉన్నాడు. వాడు వాడే. నా కొడుకే!"

బొత్తాం కూడా ఒక్క క్షణం నమ్మింది. నమ్మి, గబగబా ముందుకి వచ్చి అతని చేతులు పట్టుకుంది. ఆ చేతులు పక్కకి తొలగగానే ఛాతీ కనిపించింది.

ఎడమ భుజం కింద నుంచి, రొమ్ము మీదుగా, ఏటవాలుగా నడుం దాకా నల్లదారంతో వేసిన కుట్టు ఉంది. మందపాటి కోట్లకి వాడే మైనం పట్టించిన దారం. ఒక కుట్టు ముందుకి వేసి, సగం వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకి వెళ్ళే పనితనం. రెండు అంచులూ ఎక్కడా ముడత లేకుండా కలిశాయి. అంత ఒద్దికగా కుట్టేవాడు ఈ ఊళ్ళో ఒక్కడే. ఆ కుట్టు చూసే బొత్తాం పని నేర్చుకుంది.

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. నాన్న ద్వారబంధాన్ని ఆనుకుని జారిపోతూ నేల మీద కూర్చున్నాడు.

"నాన్నా, ఇది..."

"మిల్లు గేటు దగ్గర దొరికినప్పుడు వాడి ఒళ్ళు చీరుకుపోయి ఉంది తల్లీ," అన్నాడు. ఎవరివైపూ చూడటం లేదు. "దుప్పటి చుట్టినా ఆకారం తెలిసిపోతోంది. మీ అమ్మ చూస్తే బతకదు అనుకున్నాను. ఏం చెయ్యాలో తోచలేదు. నాకొచ్చిన పని అదొక్కటే."

"కుట్టు ఉండకూడదని ఊరందరికీ చెప్పే మనిషివి నువ్వు!" అంది బొత్తాం.

"బట్టలకి కదా అనుకున్నాను. ఒంటికి కుట్టు వేసినా అందులో దూరతారని అనుకోలేదు. పిల్లాణ్ణి బాగుచేస్తున్నట్టే అనిపించింది." చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "తిరిగొచ్చాక అనుమానం వచ్చింది. చొక్కాయే అయ్యుండాలి, చొక్కాయే కావాలి అని పొద్దుటి నుంచి కోరుకుంటూ కూర్చున్నాను. దాని కోసమే మీ అమ్మని అన్ని మాటలన్నాను."

అమ్మ ఆయన వైపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. ఆవిడ మొహం అంత ఖాళీగా ఉండటం బొత్తాం ఎప్పుడూ చూడలేదు.

అన్నయ్య తల వంచి, నల్లకుట్టు మీద వేలు పెట్టి, పైనుంచి కిందదాకా తడుముకున్నాడు.

"ఇది కూడా విప్పాలా బొత్తాం?" అని అడిగాడు. అడిగి, ఆమెకి అందేలా ఛాతీ కొంచెం ముందుకి చాపాడు. "మధ్యలో ఒకచోట వదులైంది. ఎక్కువసేపు ఆగదు."

బొత్తాం కత్తి వైపు చూసింది. చొక్కా విప్పడానికే సగం ప్రాణం పోయింది. ఇప్పుడు అన్నయ్యనే విప్పాలి. విప్పకపోతే తెల్లారేసరికి ఈ ఇంట్లో ఎవరో ఒకరు ఉండరు, అది ఎవరో కూడా అతని కళ్ళు ముందే చెప్పేశాయి. చెయ్యి లేపబోతే లేవలేదు.

వీధిలో మొదటి దీపం వెలిగింది. వెంటనే ముందు తలుపు దడదడలాడింది.

"బొత్తాం! అయిపోయిందా?" పొడుగు గొంతు. "మేస్త్రి వచ్చేశాడు. ఏదో ఒకటి చెప్పు బొత్తాం, నాకు మేకులు కొట్టాలని లేదు!"

ఆమె నోరు తెరిచేలోపే అమ్మ కదిలింది. చేతులకి అంటిన పిండి దులుపుకుని, నాన్నని దాటుకుని ముందుగదిలోకి నడిచింది. తలుపు తియ్యలేదు. దానికి నోరు దగ్గరగా పెట్టి మాట్లాడింది.

"అయిపోయింది బాబూ. కుట్లన్నీ విప్పేసింది. పోయాడు."

"నిజంగానా పిన్నీ?"

"కన్న కొడుకు పోయాడని ఏ తల్లయినా అబద్ధం చెబుతుందా?"

బయట చెక్కలు తిరిగి బండి మీద పడ్డ చప్పుడైంది. మేస్త్రి ఎవరినో ఇంటికి వెళ్ళమంటున్నాడు. పొడుగు తలుపుకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు కూడా కాసేపటికి వీధి చివరికి వెళ్ళిపోయింది.

అమ్మ గడియ వేసి వంటింట్లోకి వచ్చింది.

"ఎందుకలా చెప్పావమ్మా?" అని అడిగాడు అన్నయ్య. ఆ గొంతులో వణుకు చలిది కాదు.

"నువ్వు మాట్లాడకు కన్నా. ఎలా వణికిపోతున్నావో చూడు," అంటూ తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న కోటు తీసింది. దులిపి, బొత్తాలు విప్పి, వాడి ముందు కోటు చెయ్యి తెరిచి పట్టుకుంది. "ముందు ఇది తొడుక్కో."

అన్నయ్య కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. కళ్ళు మాత్రం కోటు మీంచి తిప్పుకోలేకపోతున్నాడు.

"అమ్మా," అంది బొత్తాం. "అమ్మా, అది నా కోటు."

అమ్మ ఆమె వైపు తిరిగి చూసింది. కోటు కిందకి దించలేదు.